కదపని ఇల్లు

ఇరవై మూడో రోజు

నాలుగో రోజు ఉదయం ఎలా గడిచిందో ముందు రాస్తాను. మిగతా రోజులన్నీ దానివంటివే అనుకున్నాను.

ఐదింటికి లేచి ప్రార్థన చేసుకున్నాను. ఇంటి కింద స్తంభాలకు తగిలే నీళ్ల చప్పుడు మెత్తబడింది. పోటు తీస్తోంది. గాలిమర తిరుగుతోంది కాబట్టి పొయ్యికి కరెంటు ఉంది. మంచినీళ్ల టిన్ను వంచి మూడు గ్లాసులు కొలిచి రాగిజావ పెట్టాను. సోమవారం కనుక నీలం చీర కట్టుకున్నాను. ఆరింటికి కెజియ లేచింది. తల వెనక కట్టు అప్పటికి విప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని, గోడ తడుముకోకుండా నడిచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నీలం చీర కట్టావా అక్కా," అంది.

నా చెల్లెలు ఒక రంగు పేరు పలికి ఆరేళ్లయింది. వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఆమె నా భుజం మీదుగా చూసి, "జావ పొంగుతోంది, చూసుకో," అంది. నిజంగానే పొంగుతోంది. నాకంటే ముందు ఆమె చూసింది.

తర్వాత పళ్లెం. బల్లకు గోడవైపు కుర్చీలో ఆమె, కిటికీవైపు కుర్చీలో నేను. పళ్లెంలో పది వస్తువులు: చెంచా, ఉప్పుబుడ్డి, కత్తెర, దారపుండ, గ్లాసు, తాళంచెవి, దువ్వెన, సబ్బుబిళ్ల, నిమ్మకాయ, నాన్న చేతిగడియారం. ఆమె ముట్టుకోకుండా పేర్లు చెప్పాలి. నేను ఫారంలో తప్పూ ఒప్పూ వేయాలి. ఆ రోజు ఎనిమిది ఒప్పులు. నిమ్మకాయను దారపుండ అంది, దారపుండను నిమ్మకాయ అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఏడింటికి ఫారం సంచిలో పెట్టుకుని వంతెన దాటి కేంద్రానికి వెళ్లిపోయింది.

కెజియ అక్కడ, దృష్టి కేంద్రంలో, పోస్ట్‌డాక్; అంటే డాక్టరేటు అయ్యాక కాంట్రాక్టు మీద పరిశోధన చేసే మనిషి. వయసు నలభై మూడు. ఇది ఆరో కాంట్రాక్టు. ఒక్కో కాంట్రాక్టు ఒక్కో ఊళ్లో, ఒక్కో పెద్దమనిషి చేతికింద చేసింది. ఏడోది ఎవరికీ ఇవ్వరు. ఆరోదాని చివర సీటు వస్తే కేంద్రంలో స్థిరంగా ఉండిపోవచ్చు. రాకపోతే ఇక ఏ ల్యాబూ రానివ్వదు. మా తమ్ముడు తీతు మంచినీళ్ల పడవ నడుపుతాడు. వాడు ఆమెను "పోస్టు లేని డాక్టరమ్మా" అని పిలుస్తాడు. "నీ పడవకి మాత్రం లైసెన్సుందా అన్నయ్యా," అంటుంది ఆమె.

మా వంశంలో చూపు మెల్లగా మసకబారి పోతుంది. నాన్నకు నా చిన్నప్పుడే పోయింది. కెజియకు ముప్పై ఏడో ఏట మొదలైంది. తీతుకు నిరుడు. నాకు రాలేదు. ఎందుకు రాలేదో దేవుడికి తెలుసు.

కెజియ పదహారేళ్ల పని ఒక గోరంత రేకు. దాన్ని తల వెనక, మెదడులో చూపు తయారయ్యే చోట అమరుస్తారు. కళ్లజోడులోని కెమెరా మసక బొమ్మ పంపుతుంది. అందులో లేని భాగాన్ని రేకు ఊహించి నింపుతుంది. కేంద్రంలో ఒక నియమం ఉంది. తన తలలో పెట్టుకోనిది ఎవరూ పరాయి తలలో పెట్టకూడదు. నలభై రోజులు పెట్టుకోవాలి. ఆ నలభై రోజులూ ఇంట్లో ఒక రక్తసంబంధి సాక్షిగా రాయాలి. ల్యాబువాళ్లకు పరిశోధన పేపర్ల మీద ఆశ ఉంటుంది కనుక వాళ్లు రాయకూడదు. అందుకని నేను రాస్తున్నాను. పేరు దొర్కమ్మ, యాభై ఆరేళ్లు, గాలిమర రెక్కలకు గుడ్డలు కుట్టే పని. నలభై ఒకటో రోజు నుంచి మూడు వందల మందికి రేకు పెడతారు. ఆ జాబితాలో తీతు పదిహేడోవాడు.

తొమ్మిదో రోజు నుంచి పళ్లెంలో పదికి పది. ఆ రోజు మోకాళ్లూని స్తోత్రం చెప్పాను.

ఈ ఉదయం ఫారంలో గడి లేని సంగతి ఒకటి జరిగింది. తీతు తొందరలో నీళ్ల టిన్ను నడవా మధ్యలో దించి వెళ్లాడు. ఎర్ర టిన్ను, మోకాలెత్తు. కెజియ నాతో మాట్లాడుతూ వస్తూ దాని మీదికి నడిచి పడింది. కాలు తగిలేదాకా అడుగు తడబడలేదు. తప్పుకోబోయిన గుర్తు కూడా లేదు.

"చూళ్లేదు," అంది. "ఏదో ఆలోచనలో ఉన్నా."

మోకాలు చీరుకుపోయింది. కడిగి మందు రాశాను. తర్వాత పళ్లెంలో పదికి పది చెప్పింది. అందుకే ఫారం పక్కన ఈ పుస్తకం మొదలుపెట్టాను.

ఇరవై ఆరో రోజు

పొద్దున పెనం మీద నూనె చిట్లి నా నుదుట కాలింది. బొటనవేలంత తెల్ల మందుగుడ్డ అతికించుకున్నాను. కెజియ ఎదురుగా కూర్చుని జావ తాగింది.

"ఇవాళ నీ మొహం తేటగా ఉందక్కా," అంది.

నేను నుదుటి గుడ్డ తడుముకున్నాను. కాసేపటికి తీతు వచ్చాడు.

"ఏంటి పెద్దక్కా, ఎవరితో పోట్లాడొచ్చావు?"

"ఎందుకు?" అంది కెజియ.

"అదేంటే, నుదుటి మీద అంత గుడ్డ అతికించుకుంటే కనపళ్లా? డాక్టరమ్మ చూపు మనకంటే బాగుందని కాలవంతా చెప్పుకొస్తున్నా నేను."

కెజియ నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. "ఆఁ, ఉంది," అంది. "కిటికీ వెలుతురు నీ వెనకనుంచి వస్తోంది గదా. అందుకని."

గుడ్డ ఏ వైపు ఉందని నేను అడగలేదు. అడగవలసింది. రేకు ఎలా నింపుతుందని మాత్రం అడిగాను.

"మీ అందరికీ కంట్లో ఒక చోట చూపు లేదక్కా. నరం బయటికెళ్లే చోటు. నీకెప్పుడన్నా చిల్లు కనపడిందా?"

"లేదు."

"మెదడు చుట్టుపక్కల ఉన్నదాంతో పూడ్చేస్తుంది. నిన్ను అడగదు, నీకు చెప్పదు. నా రేకూ అంతే. తెలిసినదాంతో తెలియందాన్ని పూడుస్తుంది."

"తప్పుగా పూడిస్తే?"

"కెమెరా బొమ్మ వచ్చి దిద్దుతుంది. రెండూ పెనుగులాడతాయి. బలమైంది గెలుస్తుంది."

"ఏది గెలిచిందో నీకెట్లా తెలుస్తుంది?"

"పెద్దక్కకి ఇచ్చేయండమ్మా ఆ సీటు," అన్నాడు తీతు.

కెజియ నవ్వలేదు. "లోపల్నుంచి తెలియదక్కా. అందుకేగా నువ్వు," అంది.

మధ్యాహ్నం కేంద్రం పెద్ద భానోజీ గారు ఫోన్ చేశారు. "అమ్మగారూ, మీ ఫారాలు చూస్తుంటే కడుపు నిండుతోంది. వరసన పద్దెనిమిది రోజులు పదికి పది. ఇట్లాంటి సాక్ష్యం ఇంతవరకూ ఏ ఇంటినుంచీ రాలేదు." అక్కడ కూడా చూపు పరీక్షిస్తున్నారా అని అడిగాను. "రేకు పనిచేస్తోందా లేదా అని చూస్తాం. అది భేషుగ్గా పనిచేస్తోంది. మనిషి ఏం చూస్తోందన్నది ఇంట్లోనే తెలియాలి," అన్నారు.

ఈ రాత్రి ప్రార్థనలో మాటలు రాలేదు. ఊరికే కూర్చున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు

నిన్న సాయంత్రం మైకులో చాటారు. మా వరస వంతెన పలకలు కుళ్లాయి, పొద్దున్నే తీసేస్తాం, కొత్తవి వేసేదాకా పడవల్లో తిరగండి అన్నారు. నేను విన్నాను. ఆ వేళకు కెజియ కేంద్రంలో ఉంది. వచ్చాక చెప్పడం మరిచాను. తీతు ఏడింటికి పడవ తెస్తానన్నాడు.

ఆరున్నరకు పనివాళ్లు పలకలన్నీ విప్పి తీసుకుపోయారు. ఆ వేళకు మేము పళ్లెం దగ్గర ఉన్నాం. పదికి పది. ఫారం మీద సంతకం పెట్టాను. నేను చెప్పులు వేసుకుంటూండగా కెజియ సంచి తగిలించుకుని అరుగు మీదికి వెళ్లింది. రోజూ నడిచే నడకే నడిచింది. అరుగు చివర అడ్డు ఏమీ లేదు. ఆటు వేళ కనుక కింద నీళ్లు తీసి ఉన్నాయి. పాత ఊరి గోడలు, ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. రెండు నిలువుల లోతు.

పరుగెత్తి చెయ్యి చాపితే ఆమె జడ దొరికింది. గట్టిగా లాగాను. ఆమె కుడి చెప్పు కిందికి పోయింది.

"ఏంటక్కా, జడ లాగుతావు?"

"వంతెన లేదు."

"ఉందిగా," అంది. చిరాకు పడింది కూడా. "పలకల మీద తడి కనపడుతోంది. మూడో పలక కొస విరిగుంది. రోజూ దాటుతున్నాంగా."

నేను ఆమెను కూర్చోబెట్టాను. చెయ్యి పట్టుకుని అరుగు అంచు దాటించి కిందికి చాపించాను. ఆమె తన చేతిని చూసుకుంటూ ఉంది.

"నా చెయ్యి పలకలోకి దిగిపోతోందక్కా," అంది మెల్లగా.

తీతు పడవ తెచ్చేదాకా ఆ అంచునే కూర్చున్నాం. పడవ రాగానే కెజియ ఫారం తీసి వాడికిచ్చింది. "ఒంట్లో బాలేదని చెప్పి ఇది ఇచ్చెయ్యి అన్నయ్యా. పళ్లెం అయిపోయింది గదా. వంతెన గురించి ఫారంలో లేదు," అంది. నా వైపు తిరగలేదు.

నేను ఆపలేదు. ఆ సంగతి దేవుని ముందు ఒప్పుకున్నాను.

ముప్పయ్యో రోజు

ఈ ఉదయం పళ్లెంలో ఏమీ పెట్టలేదు.

ఖాళీ పళ్లెం బల్లమీద పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను. కెజియ వంగి చూసింది. చెంచా అంది. ఉప్పుబుడ్డి అంది. కత్తెర, దారపుండ, గ్లాసు అంది. తాళంచెవి, దువ్వెన, సబ్బుబిళ్ల, నిమ్మకాయ. నిమ్మకాయ కొంచెం వాడిందంది. గడియారంలో ముల్లు ఆరుంబావు మీద ఉందంది.

నేను చెప్పుల్లేని కాళ్లతో లేచాను. చప్పుడు చేయకుండా వెళ్లి తలుపు మూల నిలబడ్డాను. ఆమె నా కుర్చీని చూస్తూ మాట్లాడుతూ ఉంది. నిన్న భయపడ్డావా అక్కా అంది. రేకుకి వంతెన దగ్గర చిన్న లోపం ఉంది, సరిచేస్తానంది. కుర్చీని చూసి నవ్వింది. కుర్చీ జవాబు చెప్పకపోయేసరికి, "ఎందుకట్లా నా వంక చూస్తావు," అంది.

మూలనుంచి ఆమెను పిలవడానికి ధైర్యం చాలలేదు. పిలిస్తే తను చూస్తున్న నేను ఏమైపోతానో అనిపించింది. తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చుని, అప్పుడు మాట్లాడాను.

తప్పు ఎక్కడుందో పగలంతా గుడ్డలు కుడుతూ ఆలోచించాను. తప్పు నాది.

నాన్నకు చూపు పోయాక మా ఇంట్లో ఏ వస్తువూ చోటు మారలేదు. అమ్మ అలా నేర్పింది. కుర్చీ జరిపితే వీపు మీద దెబ్బ పడేది. చెంచా పళ్లెంలో కుడివైపే ఉండాలి, ఉప్పుబుడ్డి దాని పైనే ఉండాలి. నాన్న పోయి పద్దెనిమిదేళ్లయినా మా చేతులు అలవాటు మానలేదు. నేను వారానికి ఏడు చీరలు అదే వరసలో కడతాను. పది వస్తువులనూ ఇరవై తొమ్మిది రోజులు అదే పది చోట్ల పెట్టాను. మార్చి మార్చి పెట్టమని ఫారంలో లేదు. ఏ ఇంట్లోనైనా వస్తువులు వాటంతట అవే చోట్లు మారతాయని రాసినవాళ్లు అనుకుని ఉంటారు.

రేకు మా ఇంటిని నేర్చుకుంది. ఇక్కడ ఏదీ మారదని నేర్చుకుంది. ఆపైన కెమెరా మాట వినడం మానేసింది. ఇంత నిలకడగా ఉండే ఇల్లు ఇంకొకటి ఉండదు కాబట్టి ఇంత తొందరగా మానేసింది. మూడు వందల ఇళ్లలో అది ఎన్నాళ్లు పట్టినా పట్టేది, కాని జరిగేది. నేను వేసిన పదికి పదులు చూసి వాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు.

ముప్పై ఒకటో రోజు

పొద్దున కెజియకు చెప్పాను. పళ్లెం ఆమె చేతికిచ్చాను. ఆమె వేళ్లతో దాని నడుమంతా తడిమింది. అంచుదాకా తడిమింది. కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"ఇప్పుడూ ఉన్నాయి," అంది. "నా వేళ్లు వాటిలోంచి పోతున్నాయి."

ఆ తర్వాత మధ్యాహ్నందాకా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఈ రోజు ఫారం రాయలేదు.

తీతు నాలుగింటికి పని ముగించి వచ్చాడు. వాడికీ చెప్పాను. వాడు నేలమీద కూలబడి తల పట్టుకున్నాడు. కెజియ లేచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"తొమ్మిది రోజులక్కా," అంది. "తొమ్మిది రోజులు పదికి పది వెయ్యి. సీటు రానీ. లోపలుంటేనే గదా సరిచెయ్యగలను. బయటికి పంపేస్తే నా రేకులో తప్పెక్కడుందో ఇంకెవడికి తెలుసు?"

"పదో రోజున మూడు వందల మందికి పెడతారుగా."

"ఏదో ఒకటి చెప్పి ఆపిస్తాను."

"ఏం చెప్పి?"

ఆమె వేరే గొంతుతో మాట్లాడింది. "ఇది తీసేస్తే నాకేం మిగులుతుందో తెలుసా? ముందున్న మసక కూడా మిగలదు. కోసిన చోట అదీ పోతుంది. ఇప్పుడు నాకు వెలుతురుంది. కిటికీ ఉంది. నువ్వు ఎదురుగా కూర్చుని ఉన్నావు."

"నీకు కనపడేది నేను కాదు కెజియా. నా నుదుట కాలిన మచ్చ ఉంది."

ఆమె చెయ్యి చాపింది. నేను ముందుకు వంగి నా నుదురు ఆమె వేళ్లకు అందించాను. పొక్కు కట్టిన చోట తడిమి, అక్కడే చెయ్యి ఉంచింది. మా ముగ్గురిలో ఎవరూ ఏడవలేదు. భయం ఉన్నచోట ఏడుపు రాదు.

అప్పుడు తీతు అన్నాడు. "నిన్న అడిగుంటే, సంతకం పెట్టెయ్ పెద్దక్కా అనేవాణ్ణే. దీని సీటు కోసం కాదు. నా పదిహేడో నెంబరు కోసం. పొద్దుకూకితే నాకు ఒడ్డు కనపట్టంలా. ఎవరికీ చెప్పలేదు." తల పట్టుకున్న చేతులు దించాడు. "కాని నేను పడవవాణ్ణే చెల్లెమ్మా. రోజూ ఒకే కాలవలో పోతాను. రేకు నాకు నిన్నటి ఖాళీ కాలవ చూపిస్తే, ఎదురుగా బడి పడవ వస్తే?"

కెజియ నిటారుగా కూర్చుంది. తర్వాత కేంద్రం మనిషిలాగా మాట్లాడింది.

"ఎప్పుడు మొదలైందో కావాలి. మొదటి రోజుల్లో నిజంగా చూశాను. ఇరవై మూడో రోజుకి చూడట్లేదు. ఈ మధ్యలో ఏ రోజున కెమెరా ఓడిపోయిందో రేకులోనే ఉంటుంది. తీసేస్తే ఆ జాడ పోతుంది. తీయకూడదు. కొత్త చోట పెట్టి చూడాలి. అన్నీ కదిలే చోట."

"ఎవరు చూస్తారు?"

"మౌక్తిక." ఆమె కింద పనిచేసే పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు, రెండో కాంట్రాక్టు. "నేను పరిశోధకుల పుస్తకంలోంచి రోగుల పుస్తకంలోకి వెళ్లాలి. రెంటిలోనూ ఉండనివ్వరు. పేపరు అది రాస్తుంది. తప్పు దొరికితే రేపెప్పుడో సీటు దానికొస్తుంది."

"మరి నీకు?" అన్నాడు తీతు.

"నాకు రోగుల వైపు తిండి బావుంటుందట," అంది.

సాయంత్రం ప్రార్థన తర్వాత ముగ్గురం నిర్ణయించినవి ఇవి. నా ఫారాలేవీ లెక్కలోకి తీసుకోవద్దని కేంద్రానికి నేను ఉత్తరం రాయాలి. ఏ అలవాటు వల్ల ఇలా జరిగిందో దాచకుండా రాయాలి. మూడు వందల మంది సంగతి వెంటనే ఆపమని అడగాలి. తీతు తన పేరు తీయించుకుని, సాయంత్రం పడవ ఇంకొకరికి అప్పగిస్తాడు. కెజియ రేకుతోనే ఉంటుంది. రేపు పొద్దున్న రోగుల గదికి వెళ్తుంది. ఆ గదిలో మంచం, కుర్చీ, నీళ్లకూజా గంటగంటకూ చోటు మారుస్తారు. ఆమె తగులుకుంటుంది, పడుతుంది. పడిన ప్రతిసారీ తనకేం కనపడిందో చెబుతుంది. నేను తోడు ఉంటాను. కాని ముందుగా పట్టుకోకూడదు, హెచ్చరించకూడదు. అది కెజియ పెట్టిన షరతు. ఒప్పుకున్నాను. నాకు భయంగా ఉందని చెప్పాను. తనకూ ఉందంది.

ఉత్తరం రాసి చదివి వినిపించాను. ఆమె ఒక్క దిద్దుబాటు చెప్పింది. రోగి పేరు రాసిన చోట డాక్టర్ కెజియ అని ఉండాలంది. దిద్దాను. తీతు సంతకం పెట్టాడు, నేను పెట్టాను. ఆమె కలం తీసుకుని, సూటిగా చూస్తూ, తొణక్కుండా పెట్టింది. సగం పేరు బల్లమీద పడింది. కాగితం ఆమెకు కనపడిన చోట లేదు.

నేను వేరే కాగితం తీయబోయాను. వద్దంది. అలాగే పంపాలని నిర్ణయించాం.